లోహపు పలకపై గీతల మెరుగు

తెలుగు శాఖకు చెందిన మేము లోహాలను గురించి వ్యాసం వ్రాయడం కొందరికి వింతగా తోచవచ్చు. రసాయనశాస్త్ర శాఖవారు తమ పొలంలో మా పశువులు పడ్డాయని భావించరాదని ముందుగానే మనవి చేసుకుంటున్నాము. ఈ వ్యాసానికి కారణం మన గ్రంథాలయపు గుమ్మం పక్కనున్న స్టీలు పలక. భవన నిర్మాణానికి విరాళమిచ్చిన దాతల పేర్లు దానిపై కుడివైపున ఉర్దూలోను, ఎడమవైపున తెలుగులోను చెక్కబడి ఉన్నాయి. తెలుగు పాఠాన్ని వ్రాసి, అక్షర దోషాలు దిద్ది ఇచ్చినది మేమే కనుక ఆ పలకను దాటిపోయినప్పుడల్లా ఒకసారి అటు చూడడం మాకు అలవాటయింది.

వార్షికోత్సవం మరునాడు అలా చూచేసరికి పలక నడుమ జానెడు మేర మసకబారి ఉన్నది. ఎదుట నిలబడితే నల్లగాను, పక్కకు జరిగితే తెల్లగాను కనిపించింది. మరి రెండు వారాలకు అక్కడే ఆవగింజలంత ఎర్రని చుక్కలు లేచాయి. విచారించగా, అతిథులు వచ్చే ముందురోజు సాయంకాలం మన వృద్ధ అటెండరు, విద్యార్థులందరూ చాచా అని పిలుచుకొనే వారు, ఇనుప పీచుతో పలకను తోమినట్లు తెలిసింది. పలక పాడయిందని, దాని ఖరీదును ఆయన జీతంలోనుంచి నెలకు కొంత చొప్పున కోయవలెనని ఒక ప్రతిపాదన కళాశాల కమిటీ ముందుకు వచ్చింది. ఆ ప్రతిపాదనపై నిర్ణయం జరుగకముందే అసలు ఆ పలకకు ఏమయినదో తెలుసుకోవడం న్యాయమని మాకు తోచింది. తెలుసుకొన్న కొలది విషయం రుచిగా ఉన్నందున విద్యార్థులకు కూడా చెప్పదలచాము.

లోహానికి మెరుగు పెట్టడంలో రెండు దారులు ఉన్నాయి. మొదటిది అద్దపు మెరుగు. రేకుమీది గరుకును అంతకంతకు సన్నని రాపిడితో అరగదీసి, చివరకు గుడ్డచక్రంతో బఫింగు చేసి, ముఖం చూచుకొనేటట్లు తయారు చేస్తారు. రెండవది గీతల మెరుగు. దుకాణాలవారు దీనిని బ్రష్ ఫినిషు అనీ, మ్యాట్ ఫినిషు అనీ, గీతలు పొడవుగా ఉంటే హెయిర్‌లైన్ ఫినిషు అనీ అంటారు. ఇందులో గీతలను తొలగించరు, కావాలని గీస్తారు. ఎమరీ పూసిన పట్టీ రెండు చక్రాలపై తిరుగుతూ ఉంటే రేకును దాని కిందుగా ఒకే దిక్కుకు నడిపిస్తారు. రేకు పొడవునా లక్షలాది సన్నని గీతలు ఒకదానికొకటి సమాంతరంగా పడతాయి. గీత మీద గీత పడాలి, గీతకు అడ్డంగా గీత పడరాదు. ఈ విద్యకు ప్రాణం అదే.

పట్టీమీది రాపిడి పొడికి అంకెలు ఉంటాయి. 120 అంటే ముతక, 180 అంటే అంతకంటె సన్నం, 240 ఇంకా సన్నం. ఆ పొడిని జల్లించిన జల్లెడకు అంగుళానికి ఎన్ని కన్నాలు ఉంటాయో ఆ లెక్కనుబట్టి ఈ అంకెలు ఏర్పడ్డాయి. వంటగదులలోను, ఆసుపత్రులలోను, లిఫ్టు తలుపులపైన మనం చూచే గీతల మెరుగుకు వ్యాపారంలో నాలుగవ నంబరు మెరుగు అని పేరు. అద్దపు మెరుగుది ఎనిమిదవ నంబరు. మంచి నాలుగవ నంబరు మెరుగులో ఎత్తుపల్లాల సగటు మైక్రోమీటరులో సగం వరకు ఉంటుంది. తలవెంట్రుక మందంలో అది నూరవ వంతు కూడా కాదు. చేతితో తడిమితే నున్నగా ఉన్నదే అనిపిస్తుంది గాని, కంటికి మాత్రం పట్టుబట్టవలె కనబడుతుంది.

ఎందుకు అలా కనబడుతుందో తెలుసుకోవడానికి ప్రయోగశాల అక్కరలేదు. భోజనం చేసిన తరువాత కడిగిన స్టీలు పళ్ళెంను బల్బు కిందికి తీసుకొనిపోండి. వంటింట్లో ఏళ్ళ తరబడి గుండ్రంగా తోమిన కారణంగా పళ్ళెం అడుగున వలయాకారపు గీతలు ఉంటాయి. బల్బు వెలుగు ఒక చుక్కగా కాక, నడుమనుండి రెండు ప్రక్కలకు విచ్చుకొన్న రెండు విసనకర్రలవలె కనబడుతుంది. పళ్ళెంను ఎంత తిప్పినా విసనకర్రలు మాత్రం తిరగవు. ప్రతి గీతా ఒక చిన్న కాలువ. కాలువ పొడవున వెలుగు చెదరదు. కాలువకు అడ్డంగా మాత్రమే చెదురుతుంది. సముద్రంపై చంద్రుడు ఉదయించినప్పుడు అలలమీద వెలుగు మన పాదాల వరకు బాటవలె సాగడం ఇటువంటిదే. మన గ్రంథాలయపు పలకలో గీతలు అడ్డంగా ఉన్నాయి. పైనున్న ట్యూబులైటు వెలుగు అందుకే దానిపై నిలువు చారగా సాగుతుంది. మనం నడుస్తుంటే ఆ చార మనతోపాటు నడుస్తుంది.

ఇప్పుడు ఆ గీతలపై ఎవరైనా గుండ్రంగా రుద్దారనుకోండి. కొత్త గీతలు వెలుగును పక్కలకు విసురుతాయి. ఎదుట నిలిచినవాని కంటికి రావలసిన వెలుగు రాదు కనుక అక్కడ నల్లని మచ్చ కనబడుతుంది. పక్కన నిలిచినవానికి రాకూడని వెలుగు వస్తుంది కనుక తెల్లని మచ్చ కనబడుతుంది. పలక నల్లబడలేదు, తెల్లబడలేదు. గీతల వాలు మారింది, అంతే. మచ్చను గూర్చి మన స్టాఫు గదిలో జరిగిన వాదోపవాదాలు గుర్తున్నవారు, ఇరుపక్షాలవారూ నిజమే చెప్పారని గ్రహించగలరు.

ఇక ఎర్రచుక్కల సంగతి. ఇది వాలుతో పోయేది కాదు. స్టెయిన్‌లెస్ స్టీలును మనం పాఠ్యపుస్తకాలలో "తుప్పు పట్టని ఉక్కు" అని అనువదించాము. అనువాదకులుగా మేము కూడా ఆ మాటను ఎన్నోసార్లు వ్రాశాము. ఆ మాట లోహం ఇవ్వని వాగ్దానాన్ని ఇస్తున్నదని ఇప్పుడు అనిపిస్తున్నది. 1913లో ఇంగ్లాండులోని షెఫీల్డు నగరంలో హ్యారీ బ్రియర్లీ అనే లోహశాస్త్రజ్ఞుడు క్రోమియం కలిపిన ఉక్కును తయారుచేసి, అది ఆమ్లాలకు సులభంగా లొంగడం లేదని గమనించాడు. ఈనాడు పదిన్నర శాతానికి తక్కువ కాకుండా క్రోమియం ఉన్న ఉక్కునే స్టెయిన్‌లెస్ అంటున్నారు. మన వంటపాత్రలలో మేలైన రకంలో, 304 అనే రకంలో, సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉంటాయి. గాలి తగిలిన వెంటనే ఈ క్రోమియం ఆమ్లజనితో కలసి ఉపరితలంపై ఒక పొరగా ఏర్పడుతుంది. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే ఆ పొర మందం అందులో రెండు మూడు భాగాలు మాత్రమే. లోహాన్ని కాపాడేది ఆ పొరే. గీత పడితే పొర చిరుగుతుంది, గాలి తగలగానే తిరిగి తనంతట తానే అతుక్కుంటుంది. ఒకే దిక్కున లక్ష గీతలు గీసినా గీతల మెరుగు తుప్పు పట్టకపోవడానికి రహస్యం ఇదే.

ఆ పొర ఓడిపోయే సందర్భాలు రెండున్నాయి. బ్లీచింగు పౌడరు, మరుగుదొడ్లు కడిగే ఆసిడు, సముద్రపు గాలిలోని ఉప్పు, వీటన్నిటిలోనూ క్లోరైడు ఉన్నది. అది పొరను చిన్న చిన్న గుంటలుగా తొలుస్తుంది. గీతల కాలువలలో ఉప్పు నిలిచి ఉంటే తొలిచే పని ఇంకా వేగంగా సాగుతుంది. అందుచేతనే సముద్రతీరంలో ఆరుబయట అమర్చే రేకులకు గీతలను నిలువుగా పెట్టమని తెలిసినవారు చెబుతారు. వానపడితే ఉప్పు కిందికి జారిపోతుంది. గీత ఎంత ముతకదయితే ప్రమాదం అంత ఎక్కువ. మన ఊరికి సముద్రం దూరం కాదు. మన పలక గీతలు అడ్డంగా ఉన్నాయి. వరండా నీడలో ఉన్నందున సరిపోయింది గాని, బయటి గోడకు పెట్టి ఉంటే అది పొరపాటే అయ్యేది. ఆ పొరపాటును చూచి కూడా మేము పట్టుకొని ఉండేవారము కాము.

రెండవ శత్రువు మామూలు ఇనుము. ఇనుప పీచుతో స్టెయిన్‌లెస్ రేకును తోమితే పీచునుంచి కంటికి కనబడని రేణువులు విరిగి గీతలలో ఇరుక్కొంటాయి. తేమ తగిలితే ఆ రేణువులు తుప్పు పడతాయి. చూచేవారికి రేకే తుప్పు పట్టినట్లు ఉంటుంది. మొదట తుప్పు పట్టినది రేకు కాదు, రేకులో గుచ్చుకొన్న పరాయి ఇనుము. కాని దానిని అలాగే వదిలితే దాని కింద పొర కూడా చెడి, చివరకు నిజంగానే రేకు తినబడుతుంది.

మన పలకకు పట్టినది ఇందులో ఏది? కొందరు మిత్రులు పలక తయారుచేసినవారు నాసిరకం రేకు ఇచ్చి ఉంటారని అన్నారు. ఒకరు జేబులోనుంచి అయస్కాంతం తీసి అంటించి చూపారు. అంటలేదు. అంటకపోతే మేలురకమని బజారులో నమ్మకం. అది సగం నిజం. నికెలు లేని 430 రకానికి అయస్కాంతం అంటుకొంటుంది. కాని నికెలును చాలవరకు తగ్గించి మాంగనీసు కలిపిన చౌకరకాలకు 304కు అంటనట్లే అంటదు. అయస్కాంతం ఇచ్చే తీర్పు మీద ఎవరినీ దోషి అనలేము. మరొక అనుమానం అక్షరాలకు సంబంధించినది. స్టీలుపై అక్షరాలను తొలిచేందుకు ఫెర్రిక్ క్లోరైడు ద్రావణం వాడతారు. తరువాత సరిగా కడగకపోతే అక్షరాల అంచులనుంచే తుప్పు మొదలవుతుంది.

అప్పుడు మన రసాయనశాస్త్ర శాఖాధ్యక్షులు ఒక చక్కని పరీక్ష చేశారు. మైలుతుత్తాన్ని నీటిలో కరగించి, కొద్దిగా గంధకామ్లం చేర్చి, ఆ నీలి నీటితో పలకను అక్కడక్కడ తడిపి ఆరు నిమిషాలు ఉంచారు. స్టెయిన్‌లెస్ ఉక్కు పొర చెక్కుచెదరకుండా ఉంటే ఆ ద్రావణం ఏమీ చేయదు. విడి ఇనుము ఉన్నచోట మాత్రం ఇనుము కరిగి దాని స్థానంలో రాగి పేరుకొంటుంది. పలక మూలలలో ఏమీ లేదు. అక్షరాల అంచులలో ఏమీ లేదు. నడుమ, జానెడు మేర, రాగి రంగు చుక్కలు వరుసగా తేలాయి. భూతద్దంతో చూస్తే గుండ్రని గీతల వెంటనే ఆ చుక్కలు ఉన్నాయి. పలక తయారీదారు నిర్దోషి. కారణం ఇనుప పీచే.

మైలుతుత్తం అనగానే మాకు బీదరు గుర్తుకు వచ్చింది. విషయం కొంచెం పక్కకు పోతున్నప్పటికీ, లోహపు మెరుగును గూర్చి వ్రాస్తూ మన దక్కనులో పుట్టిన పనిని తలచకుండా పోవడం మర్యాద కాదు. 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో భాగంగా ఉండి, ఈనాడు కర్ణాటకలో ఉన్న బీదరు పేరుమీదనే ఆ పని బిద్రీ అయింది. హైదరాబాదులో కూడా ఈ పని తెలిసిన కుటుంబాలు ఉన్నాయి. జింకులో కొద్దిగా రాగి కలిపి పోతపోసిన పాత్రను ఆకురాయితో, ఉప్పుకాగితంతో ఒక్క గీత కూడా మిగలకుండా నున్నగా చేస్తారు. తరువాత మైలుతుత్తం పూస్తే అది తాత్కాలికంగా నల్లబడుతుంది. ఆ నలుపుమీద ఉలి గీత తెల్లగా కనబడుతుంది. తొలిచిన తావులలో వెండి తీగను, వెండి రేకును కొట్టి కూర్చుతారు. మళ్ళీ అంతా రుద్ది నునుపు చేస్తారు. ఆ క్షణాన వెండి ఏదో, జింకు ఏదో పోల్చుకోవడం కష్టం. చివరకు బీదరు కోట మట్టిని నవాసారంతో కలిపి, వెచ్చజేసిన పాత్రకు పట్టిస్తే జింకు మాత్రమే శాశ్వతంగా నల్లబడి వెండి వెండిగానే నిలుస్తుంది. గీతల మెరుగులో గీతే అందం. బిద్రీలో గీత మిగిలితే పని చెడినట్లే. ఇత్తడికి ఇంకొక న్యాయం. గీతలు గీసిన ఇత్తడిని వార్నీషు పూయకుండా వదిలితే త్వరలోనే చిలుము పడుతుంది. అల్యూమినియానికి ముందు గీతలు గీసి, తరువాత విద్యుత్తుతో గట్టి పొర కట్టిస్తారు. కట్టించిన తరువాత గీయబోతే ఆ పొరే పోతుంది. చెప్పవచ్చినదేమంటే, ఏ లోహాన్ని ఎలా తాకవలెనో ఎవరైనా చెబితేనే గాని తెలియదు.

పెద్ద పెద్ద కట్టడాలకు కూడా ఈ చిక్కు తప్పలేదు. అమెరికాలోని సెయింట్ లూయిస్ నగరంలో 1965లో పూర్తయిన 630 అడుగుల గేట్‌వే ఆర్చి బయటి తొడుగు 304 రకం స్టెయిన్‌లెస్ ఉక్కు. దానిపై మూడవ నంబరు గీతల మెరుగు. ఆకాశమంత ఎత్తున అది వెలుగును పట్టి మెరుస్తుంది. సందర్శకుల చేతికి అందే ఎత్తున మాత్రం గీకిన పేర్లు కనబడతాయి. మన తరగతి గది బెంచీలను చూచినవారికి ఇది ఆశ్చర్యం కలిగించదు. ఇంకొక ఉదాహరణ డెలోరియన్ మోటారు కారు. 1981, 1982 సంవత్సరాలలో ఉత్తర ఐర్లాండులో సుమారు తొమ్మిది వేల కార్లు తయారయ్యాయి. వాటికి రంగు లేదు. గీతల మెరుగు పెట్టిన స్టెయిన్‌లెస్ రేకులే పైతొడుగు. వేలిముద్రలు పడుతున్నాయని కొన్నవారు విసుక్కొన్నారు. కాని ఒక సౌకర్యం ఉన్నది. రంగు వేసిన కారుపై గీత పడితే రంగు వేయించక తప్పదు. ఈ కారుపై చిన్న గీత పడితే యజమాని తానే తగిన రాపిడి పీచు తీసుకొని, ఉన్న గీతల వాలులో రుద్ది, దానిని మిగిలినవాటిలో కలిపివేయవచ్చు.

ఈ సంగతి చదివిన తరువాతనే మన పలకకు కూడా చికిత్స ఉన్నదని మాకు ధైర్యం వచ్చింది. గీతలతోనే తయారయిన మెరుగును గీతలతోనే తిరిగి తేవచ్చు. ముందుగా ఆక్సాలిక్ ఆమ్లపు పలుచని ద్రావణంతో తుప్పును, ఇనుప రేణువులను తొలగించి, మంచినీటితో అనేకసార్లు కడిగారు. మైలుతుత్తం పరీక్ష మళ్ళీ చేస్తే రాగి చుక్క ఒక్కటి కూడా తేలలేదు. తరువాత ఊరిలో స్టీలు గేట్లు, రెయిలింగులు చేసే ఒక మేస్త్రీని పిలిపించాము. ఆయన ఇనుము లేని, నైలాను పోగులకు రాపిడి పొడి అంటించిన కొత్త పీచును చెక్కముక్కకు చుట్టి, పలక ఎడమ అంచునుండి కుడి అంచు వరకు ఆగకుండా, ఒకే బరువుతో, ఒకే దిక్కున లాగారు. మచ్చ ఉన్నంతవరకే రుద్దితే చాలదా అని మేము అడిగాము. "అతుకు కనపడుద్ది సార్. మొదలెడితే ఆ చివరిదాకా పోవాల్సిందే" అన్నారు. రెండు గంటలు పట్టింది. అక్షరాలలోని నల్లరంగు కొంత లేచిపోగా డ్రాయింగు మాస్టారు తిరిగి నింపారు. ఖర్చు మొత్తం కొత్త పలక ఖరీదులో స్వల్ప భాగం.

ఇక కమిటీ సభ్యులకు ఒక మనవి ఉన్నది. చాచాను మేము స్వయంగా అడిగాము. "దేగ్చా తోమినట్టే తోమాను సార్. మెరవాలనే కదా" అన్నారు. ఇనుప పీచు ఎక్కడిదంటే, పాత్రలు తోమడానికి స్టోర్సులోనుంచి ఇచ్చినదే. ఆ పలకను పెట్టిననాడు దానిని దేనితో తుడవవలెనో తయారుచేసినవారు చెప్పలేదు, మనం అడగలేదు, ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఇంతవరకు అందరికీ తెలిసినదే. తెలియనిది ఒకటున్నది. వార్షికోత్సవం ముందురోజు సాయంకాలం గ్రంథాలయం మెట్లు దిగుతూ, "చాచా, రేపు అతిథులు వస్తారు, ఆ పలకను కాస్త బాగా తోమి పెట్టండి" అని చెప్పినది మేమే. తుడవండి అనవలసినచోట తోమండి అన్నాము. తరగతిలో పర్యాయపదాల మధ్య భేదాన్ని గంటలకొద్దీ బోధించే మేము ఆనాడు ఆ భేదాన్ని పాటించలేదు. ఆయన మా మాటను అక్షరాలా పాటించారు. విచారణ జరిగిననాడు కూడా తనకు ఎవరు చెప్పారో ఆయన బయటపెట్టలేదు. మేము కూడా ఆనాడు నోరు విప్పలేదు.

కావున జీతం కోత ప్రతిపాదనను ఉపసంహరించవలసిందిగాను, మరమ్మతుకు అయిన ఖర్చును మా పేర వ్రాయవలసిందిగాను కోరుతున్నాము. పలకను ఇకమీదట మెత్తని గుడ్డతో, సబ్బునీటితో, అడ్డంగా మాత్రమే తుడవవలెనని, బ్లీచింగు పౌడరుగాని ఆసిడుగాని ఇనుప పీచుగాని తాకించరాదని ఉర్దూలోను తెలుగులోను ఒక కాగితం వ్రాసి స్టోర్సు గది తలుపుకు అంటించాము. చాచా దానిని రెండు భాషలలోను చదివించుకొని విన్నారు.

పలక ఇప్పుడు బాగున్నది. సాయంకాలం అయిదు గంటల వేళ, ఎండ వరండాలోకి ఏటవాలుగా పడినప్పుడు, ఎడమవైపు నాలుగవ పంక్తి కింద పాత మచ్చ నీడ కొద్దిగా కనబడుతుంది. ఇంకొకసారి లాగితే అది కూడా పోతుందని మేస్త్రీ అన్నారు. రేకు అనవసరంగా అరుగుతుందని మేము వద్దన్నాము.